పాత ల్యాప్‌టాపులో ర్యాము పెంచుకొను విధము



ఇప్పుడు మన గ్రామ సంఘములలో ల్యాప్‌టాపు లేని కచేరి అరుదు. విత్తనముల నిల్వ, ఎరువుల పట్టీ, సభ్యుల వాటాధనపు లెక్క, అడంగలు నకళ్లు, వాతావరణ సూచనలు, ఇవన్నియు దానిమీదనే నడచుచున్నవి. చదువుకొను పిల్లలున్న రైతుల యిండ్లలోను ఒకటి యుండుట కలదు. కాని యివి తరచుగా పాత యంత్రములు. కొన్ని పట్టణములలో వాడి విడిచిన వానిని తక్కువ వెలకు కొనితెచ్చినవి. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి యంత్రము మందగించును. మీట నొక్కిన పిమ్మట తెర కదలక నిలిచిపోవును. కార్యదర్శి "కొంచెము ఆగండి" అనును. రైతు వాకిట నిలుచుండును.

గడచిన తొలకరిలో పచ్చిరొట్ట పైరులనుగూర్చి మాటలాడుటకు నేనొక సంఘమునకు వెళ్లితిని. అచ్చట నొక వృద్ధురాలు జీలుగ విత్తనములకై వచ్చి కూర్చుండియుండెను. రశీదు ముద్రింపవలసిన యంత్రము కదలకపోవుటచే ఆమెను అంతకుముందు రెండుమారులు తిప్పి పంపిరి. "మూడుమాట్లు వచ్చాను బాబూ, రెండు రోజుల కూలి పోయింది, అదును దాటిపోతోంది" అని యామె నాతో చెప్పెను. అదే దినమున పాలకవర్గమువారు క్రొత్త ల్యాప్‌టాపు కొనుటకు తీర్మానము వ్రాయుచుండిరి. ఆ ధనము సభ్యుల ధనము. ఒక్కదినము ఓపిక పట్టుడని వారిని వేడి, యంత్రమును త్రిప్పి దాని అడుగు మూత విప్పి చూపితిని. ర్యాము పెట్టు గాళ్లు రెండు కలవు; వానిలో నొకటి ఖాళీగా నున్నది. యంత్రము కొన్న దినమునుండియు ఆ గాడి యట్లే యున్నదని యెవరికిని తెలియదు.

అప్పటినుండి పలువురు సభ్యులు ఈ విషయమునుగూర్చి నన్నడుగుచున్నారు. వారందరికొరకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ర్యాము అనగా నేమి?

ల్యాప్‌టాపులో సమాచారము ఉంచు చోట్లు రెండు. మొదటిది డిస్కు. ఇది మన గాదె వంటిది. అందులో పోసినది కరెంటు ఉన్నను లేకున్నను అట్లే యుండును. రెండవది ర్యాము. ఇది కళ్లము వంటిది. గాదెలో ఎంత ధాన్యమున్నను, ఎండబోయవలెనన్న, తూర్పార పట్టవలెనన్న ముందు కళ్లములోనికి తేవలసినదే. ప్రాసెసరు అను పనివాడు కళ్లములో నున్న దానితోనే పనిచేయును గాని గాదెలోని దానిని నేరుగా ముట్టడు.

కళ్లము ఇరుకైనచో ఏమగును? కొంత ధాన్యమును ఎత్తి మరల గాదెలో పోసి, మరికొంత తెచ్చి ఎండబోయవలెను. పనికంటె మోతయే ఎక్కువగును. ల్యాప్‌టాపును అట్లే చేయును. ర్యాము నిండగానే అప్పటికి అక్కరలేని భాగమును డిస్కుమీద వ్రాసియుంచి, కావలసినప్పుడు మరల తెచ్చుకొనును. డిస్కు ర్యాముకంటె ఎన్నో రెట్లు నెమ్మదియైనది. అందులోను చక్రము తిరుగు పాతకాలపు డిస్కు మరింత నెమ్మది. కావున తెర నిలిచిపోవును. పనివానిలో లోపము లేదు, చోటు చాలకుండుటయే లోపము.

ఇప్పుడు వాడుకలోనున్న ర్యాము మూలసూత్రమును ఐ.బి.ఎం. సంస్థలోని రాబర్టు డెనార్డు అను ఇంజనీరు కనిపెట్టగా, దానికి 1968లో పేటెంటు లభించినది. 1970లో ఇంటెల్ కంపెనీవారు 1103 అను పేరుతో అట్టి చిప్పును అమ్మకమునకు తెచ్చిరి. అందు పట్టినవి 1,024 బిట్లు మాత్రమే. నేటి 8 జి.బి. ర్యాములో సుమారు 6,872 కోట్ల బిట్లు పట్టుచున్నవి. ఒక్కొక్క బిట్టునకు ఒక ట్రాన్సిస్టరును, విద్యుత్తును నిలుపు ఒక కెపాసిటరును ఉండును. ఆ కెపాసిటరు చిల్లిపడిన పిడత వంటిది. అందలి విద్యుత్తు కారిపోవుచునే యుండును. అందుచే సామాన్యముగా 64 మిల్లీసెకనులకు, అనగా సెకనును వేయి భాగములు చేసినచో వానిలో 64 భాగముల కాలమునకు, ఒకమారు దానిని మరల నింపుచుండవలెను. కరెంటు పోయినచో నింపువాడు లేక అది ఖాళీయగును. సేవ్ చేయని లెక్క కరెంటు పోగానే మాయమగుటకు కారణమిదియే.

మందగించుటకు ర్యామే కారణమా?

పైరు పసుపుబారినంతమాత్రమున నత్రజని లోపమని యూరియా చల్లుట తెలివిగల రైతు పని కాదు. మడిలో నీరు నిలిచినను, జింకు లోపించినను ఆకు రంగు మారును. ల్యాప్‌టాపు విషయమునను ముందు కారణము తెలిసికొనవలెను.

విండోసు గల యంత్రములో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కమారుగా నొక్కినచో టాస్కు మేనేజరు తెరచుకొనును. అందులో పెర్ఫార్మెన్సు అను భాగమునకు పోయి మెమొరీ అనుదానిని చూడవలెను. యంత్రము ఖాళీగా నున్నప్పుడు చూచి లాభము లేదు. ప్రతిదినము జరుగు పనులన్నియు తెరచియుంచి, రద్దీవేళలో చూడవలెను.

అప్పుడు మెమొరీ నూటికి 85, 90 పాళ్లు నిండియున్నయెడల లోపము ర్యాములోనే కలదు. మెమొరీలో చోటుండియు డిస్కు నూటికి నూరు పాళ్లు పనిచేయుచున్నట్లు కనబడినచో లోపము డిస్కుది. అట్టి యంత్రమునకు ర్యాము పెంచినను ఫలము స్వల్పమే. చక్రపు డిస్కును తీసి ఎస్.ఎస్.డి. అను క్రొత్తరకపు డిస్కును పెట్టుట మేలు. ఒక్కటి గమనింపుడు: ర్యాము నిండినప్పుడు వెనుక చెప్పిన మోతపనివలన డిస్కును నూటికి నూరు చూపవచ్చును. కావున ముందు మెమొరీని, తరువాత డిస్కును చూచుట క్రమము. ఆ రెండును ఖాళీగా నుండి సి.పి.యు. మాత్రమే నిండియున్నచో పనివాడే ముసలివాడైనాడని తెలియవలెను. దానికి ర్యామును మందు కాదు, డిస్కును మందు కాదు.

ఖర్చు లేని చికిత్సలను ముందు చేసి చూడవలెను. యంత్రము తెరచుకొనునప్పుడే తమంతట తాము లేచు ప్రోగ్రాములలో అక్కరలేనివానిని నిలిపివేయవలెను. బ్రౌజరులో ఇరువది పేజీలు తెరచియుంచు అలవాటు మానవలెను. ఒక్కొక్క పేజీయు కళ్లములో కొంత చోటు ఆక్రమించును. వారముల తరబడి మూత మూసి యుంచుటయేగాని ఆర్పని యంత్రమును ఒకమారు రీస్టార్టు చేయవలెను. ఇంతమాత్రముననే కొన్ని బాగుపడును.

మరియొక సంగతి. పాత యంత్రములలో కొన్నిటియందు 32 బిట్ల విండోసు ఉండును. అది 4 జి.బి.కి మించిన ర్యామును వాడుకొనలేదు. ఆ నాలుగులోను కొంత భాగము ఇతర పరికరములకు పోవును. అట్టి యంత్రమునకు 8 జి.బి. పెట్టుట పదునారు కుంచముల ధాన్యమును ఎనిమిది కుంచముల గోనెలో పోయుట వంటిది. ముందు 64 బిట్ల వ్యవస్థను వేయించి పిమ్మట ర్యాము పెంచవలెను. సెట్టింగ్సులో సిస్టము, అబౌట్ అను చోట ఇది తెలియును.

ఏ ర్యాము కొనవలెను?

ర్యాము సన్నని పలకవలె నుండును. దుకాణములలో దీనిని ర్యాము స్టిక్కు అందురు. ల్యాప్‌టాపు పలకను సో-డిమ్ము అందురు. అది సుమారు ఏడు సెంటీమీటర్ల పొడవుండును. బల్లమీది పెద్ద కంప్యూటరు పలక పదమూడు సెంటీమీటర్లకు పైగా నుండును. అది ల్యాప్‌టాపునకు పనికిరాదు.

ఈ పలకలలో తరములు కలవు. వరిలో ఒక రకమునకు బదులు మరియొక రకము నాటవచ్చును గాని, ఇచ్చట తరము మారినచో పలక గాడిలోనికే పోదు. వాని గురుతులు ఇవి:

1. డి.డి.ఆర్.2: పిన్నులు 200; విద్యుత్తు 1.8 వోల్టులు. 2005 మొదలు 2008 వరకు వచ్చిన యంత్రములలో తరచు కనబడును.

2. డి.డి.ఆర్.3: పిన్నులు 204, 1.5 వోల్టులు. ఇందులోనే 1.35 వోల్టులతో నడచు డి.డి.ఆర్.3ఎల్ అను తెగ కలదు. 2008 మొదలు 2015 ప్రాంతము వరకు.

3. డి.డి.ఆర్.4: పిన్నులు 260, 1.2 వోల్టులు. 2015 మొదలు.

4. డి.డి.ఆర్.5: పిన్నులు 262, 1.1 వోల్టు. ల్యాప్‌టాపులలో 2022 మొదలు విరివిగా వచ్చినది.

సంవత్సరములు ఉజ్జాయింపుగా చెప్పితిని. ఒక తరము పోవుచుండగా మరియొకటి వచ్చుచుండును. యంత్రములోనున్న పాత పలకమీది చీటీయే నమ్మదగిన సాక్ష్యము. చీటీమీద 8జి.బి. 2ఆర్x8 పి.సి.3ఎల్-12800ఎస్ అని యున్నదనుకొనుడు. అందు 8జి.బి. అనగా పరిమాణము. పి.సి.3 అనగా డి.డి.ఆర్.3. ఎల్ అనగా తక్కువ వోల్టేజి. 12800 అనగా సెకనుకు 12,800 మెగాబైట్ల వడి. దీనినే 1600 వడి యనియు అందురు. చివరి ఎస్ అనగా ల్యాప్‌టాపు కొలత పలక.

ఎల్ అను అక్షరమును తేలికగా చూడరాదు. 1.35 వోల్టుల పలక సామాన్యముగా 1.5 వోల్టుల యంత్రములోను పనిచేయును. కాని 1.5 వోల్టుల పలక 1.35 వోల్టులకే నిర్మించిన యంత్రములో పనిచేయదు. ఇంటెల్ నాల్గవ తరపు కోర్ ప్రాసెసరు గల ల్యాప్‌టాపులు ఎల్ పలకనే కోరును. సందేహమున్నచో ఎల్ కొనుట క్షేమము.

ప్రతి యంత్రమునకును ఒక గరిష్ఠ పరిమితి కలదు. 2010 ప్రాంతపు ఇంటెల్ మొదటి తరపు ఐ5 ల్యాప్‌టాపులు మొత్తము 8 జి.బి.కి మించి తీసికొనవు. నేను చెప్పిన సంఘపు యంత్రము 2012లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్230. దానికి రెండు గాళ్లు. ఒక్కొక్కదానిలో 8 చొప్పున మొత్తము 16 జి.బి. వరకు పెట్టవచ్చును. ఈ పరిమితి కంపెనీవారు ప్రకటించిన పుస్తకములో నుండును. మోడలు పేరు యంత్రపు అడుగున ముద్రించియుండును.

కొన్ని యంత్రములలో ర్యాము చిప్పులను ప్రధానపు పలకకే అతికింతురు. యాపిల్ మాక్‌బుక్ ఎయిర్ అట్టిది. మిక్కిలి సన్నని ల్యాప్‌టాపులు పెక్కులు అట్టివే. వానిలో ర్యాము పెంచు ఉపాయము లేదు. టాస్కు మేనేజరులో ఫారం ఫ్యాక్టరు అనుచోట సోడిమ్ము అని యున్నచో మార్చదగిన పలక. రో ఆఫ్ చిప్స్ అని యున్నచో అతికినది. స్లాట్స్ యూజ్డ్ అనుచోట 1 ఆఫ్ 2 అని కనబడినచో ఒక గాడి ఖాళీగా నున్నదని సామాన్యముగా గ్రహింపవచ్చును. అయినను మూత విప్పి కంటితో చూచిన తరువాతనే వెల చెల్లించుట మంచిది.

ఒకటే పలక మంచిదా, రెండు మంచివా? కాడికి జోడెడ్లవలె సమానమైన రెండు పలకలున్నచో ప్రాసెసరు రెండు దారులను ఒక్కమారుగా వాడుకొనును. వడి కొంత హెచ్చును. ఒక ఎద్దు చురుకైనదియు మరియొకటి నెమ్మదియైనదియు అయినచో కాడి నెమ్మది యెద్దు నడకనే నడచును, పలకలును అంతే. 1600 వడి పలక ప్రక్కన 1333 పలక పెట్టినచో సామాన్యముగా రెండును 1333 వడినే నడచును. కావున ఉన్నదానికి ఈడైనది వెదకి కొనవలెను.

ఇక పరిమాణము. కచేరి పనులకు 4 జి.బి. నేడు చాలుటలేదు. 8 జి.బి. సామాన్యముగా చాలును. పటములు, వీడియోలు కూర్చువారికి 16 కావలసియుండును. అక్కరకు మించినది పెట్టినచో అధిక ఫలము లేదు; నీరు చాలిన మడికి మరల తూము తెరచినట్లే.

వెల సంగతి. ర్యాము ధరలు మిరపకాయల ధరలవలె ఎక్కుచు దిగుచుండును. 2025 సంవత్సరాంతమున కృత్రిమ మేధకు సంబంధించిన పెద్ద కంప్యూటరు కేంద్రముల గిరాకీవలన ప్రపంచమంతటను ధరలు మిక్కిలి పెరిగినవి. కావున నిరుటి వెలను మనసులో పెట్టుకొని తీర్మానము వ్రాయరాదు. రెండుమూడు దుకాణములలో ఆ దినపు ధర విచారించి, రశీదును వారంటీ కాగితమును తీసికొనవలెను. పాత యంత్రములనుండి తీసిన డి.డి.ఆర్.3 పలకలు తక్కువకు దొరకును. వానిని కొన్నయెడల, పెట్టి పరీక్షించి చూపిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.

నేను చేసిన పొరపాటు

పరోపదేశము సులభము. నా సొంత ల్యాప్‌టాపు విషయమున నేను మోసపోయిన వృత్తాంతమును దాచక చెప్పెదను. నాదియు 2012 నాటిదే. పాత పలకను విప్పి చూడకయే పట్టణమునకు పోయి, "ల్యాప్‌టాపు ర్యాము కావలెను" అని యడిగితిని. దుకాణదారు "ఇదే సార్, ఇప్పుడు అందరూ తీసుకెళ్లేది" అని డి.డి.ఆర్.4 పలకను చేతిలో పెట్టెను. ఇంటికి వచ్చి పెట్టబోగా అది దిగలేదు. బిగుతుగా నున్నదని తలచి బొటనవ్రేలితో గట్టిగా నొక్కితిని. చిన్న చప్పుడు వినబడినది. తీసి చూడగా గాడి అంచు కొంచెము చిట్లియుండెను. ఇంకను కొంచెము బలము చూపియున్నచో యంత్రమే పోయియుండును. పొట్లము విప్పిన సరకు గనుక దుకాణదారు వాపసు తీసికొనలేదు. తప్పు అతనిది కొంత, నాది ఎక్కువ.

అప్పుడు పలకలను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. పలక అడుగు అంచున ఒక గంటు కలదు. ఒక్కొక్క తరమునకు ఆ గంటు ఒక్కొక్క చోట నుండును. తప్పు పలక గాడిలోనికి పోకుండుటకే కంపెనీలవారు దాని నట్లు చేసిరి. పలక దిగలేదన్న అది బలము చాలక కాదు, "నేను నీ యంత్రమునకు చెందినదానను కాను" అని అది చెప్పుచున్నదన్నమాట. అప్పటినుండి నేను చెప్పునది ఒక్కటే: పాత పలకను విప్పి, కాగితములో చుట్టి, చేత పట్టుకొని దుకాణమునకు పొండు. వీలుకానిచో చీటీని ఫోనుతో ఫోటో తీసికొని పొండు.

పలకను పెట్టు విధము

ఈ పనికి చిన్న స్క్రూడ్రైవరు, శుభ్రమైన కర్రబల్ల, పావుగంట తీరిక చాలును. క్రమము ఇది:

1. ముఖ్యమైన లెక్కలను పెన్‌డ్రైవులోనికి నకలు తీసికొనవలెను. ర్యాము మార్చుటవలన డిస్కులోనిది పోదు. అయినను యంత్రము విప్పుటకు ముందు నకలు తీయుట మంచి అలవాటు.

2. యంత్రమును నిద్రపుచ్చుట కాదు, పూర్తిగా ఆర్పవలెను. ఛార్జరు తీసివేయవలెను.

3. బ్యాటరీ వెలుపలికి వచ్చు రకమైనచో తీసివేయవలెను. ఎక్స్230లో అది వెనుకవైపునుండి జారి వచ్చును. బ్యాటరీ లోపల బిగించిన యంత్రములో మూత తీసిన వెంటనే బ్యాటరీ తీగ ముడిని ఊడదీయవలెను. ఆ ముడి ఏదియో గుర్తింపలేనివారు పని అచ్చటనే ఆపి మెకానికుకు చూపుట మేలు.

4. పవరు మీటను పదిసెకనులు నొక్కి పట్టుకొనవలెను. మిగిలిన విద్యుత్తు దిగిపోవును.

5. చేతులు కడిగి ఆరనిచ్చి, ఏదైన పెద్ద ఇనుప వస్తువును ముట్టవలెను. మన శరీరములో నిలుచు స్థిరవిద్యుత్తు మనకు చురుక్కుమనవలెనన్న సుమారు 3,000 వోల్టులుండవలెను. అంతకంటె ఎన్నో రెట్లు తక్కువ విద్యుత్తునకే చిప్పులు చెడును. పరుపుమీద, తివాచీమీద, నైలాను బట్టమీద ఈ పని చేయరాదు.

6. అడుగు మూత మరలను విప్పి, ఒక గిన్నెలో వేయవలెను. వేర్వేరు పొడవుల మరలున్నచో ఏది ఏ రంధ్రములోనిదో కాగితముమీద గుర్తు వ్రాసికొనవలెను.

7. లోపల ధూళి యున్నచో మెత్తని పొడి కుంచెతో తుడువవలెను. ఊకధూళి, తౌడు పేరుకొను మన కచేరులలో ఇది సాధారణము. నోటితో ఊదరాదు, తుంపరలు పడును.

8. పాత పలకను తీయవలసినచో దాని రెండు ప్రక్కలనున్న కొక్కెములను ఒక్కమారుగా వెలుపలికి నెట్టవలెను. పలక తనంతట లేచి వాలుగా నిలుచును. అంచులు పట్టుకొని లాగవలెను. బంగారుపూత పిన్నులను ముట్టరాదు.

9. క్రొత్త పలకను గంటు చూచుకొని, ముప్పది డిగ్రీల వాలులో గాడిలోనికి పిన్నులు దాదాపు కనబడనంతవరకు త్రోయవలెను. పిమ్మట క్రిందికి మెల్లగా నొక్కవలెను. కొక్కెములు రెండును టక్కుమని పట్టుకొనును. ఆ శబ్దము రానిచో మరల తీసి పెట్టవలెను గాని బలము చూపరాదు.

10. మూత బిగించి, బ్యాటరీ పెట్టి, యంత్రమును తెరువవలెను.

మొదటిమారు తెర వెలుగుటకు మామూలుకంటె కొంత ఆలస్యము కావచ్చును. యంత్రము క్రొత్త పలకను పరిచయము చేసికొనుచుండును. ఒకటిరెండు నిమిషములు వేచియుండవలెను. అప్పటికిని తెర వెలుగక కూతలు మాత్రము వినబడినచో పలక సరిగా కూర్చుండలేదని భావించి, ఆర్పి, తీసి, మరల పెట్టవలెను. పది యంత్రములలో తొమ్మిదింటికి ఇదియే మందని నా అనుభవము.

పెట్టిన పిమ్మట పరీక్ష

యంత్రము తెరచుకొన్నంతనే పని ముగిసినదని సంతోషింపరాదు. ముందు టాస్కు మేనేజరులో క్రొత్త మొత్తము కనబడుచున్నదా చూడవలెను. తరువాత ర్యాము ఆరోగ్యమును పరీక్షింపవలెను. విండోసులోనే మెమొరీ డయాగ్నస్టిక్ అను పరీక్ష కలదు. మెమ్‌టెస్ట్86 అను ప్రోగ్రామును పెన్‌డ్రైవులోనుండి నడుపవచ్చును. రాత్రి పెట్టి తెల్లవారి చూచుట అనుకూలము. ఒక్క తప్పు కనబడినను ఆ పలకను వాపసు చేయవలెను.

ఇంత జాగ్రత్త ఎందుకందురేమో. చెడ్డ ర్యాము యంత్రమును ఆపివేసినచో మేలే, మనకు తెలియును. అది ఆగకుండ ఒక బిట్టును తారుమారు చేసినచో చిక్కు. సభ్యుని ఖాతాలో 500 రూపాయలున్నవనుకొనుడు. ఆ సంఖ్యను నిలుపు బిట్లలో 4,096 విలువగల ఒక బిట్టు సున్న బదులు ఒకటిగా మారినచో అది 4,596 కావచ్చును. అట్టి అంకె డిస్కులోనికి పోయి, చిట్టానుండి ఆవర్జాకు ప్రాకినపిమ్మట నేరము కార్యదర్శి మీదికి వచ్చును. నిర్దోషియగు మనుష్యుడు మహాజనసభలో తలవంచుకొనవలసివచ్చును. ఒక రాత్రి పరీక్ష ఆ యవమానముకంటె చౌక.

ఎప్పుడు మార్చరాదు?

పాత యంత్రమునకు డబ్బు పెట్టుట అన్నివేళల పొదుపు కాదు. మూడు సందర్భములలో నేను వలదనుచున్నాను.

మొదటిది, బ్యాటరీ ఉబ్బియున్నప్పుడు, లేదా ప్రధానపు పలక పాడైనప్పుడు. ఉబ్బిన బ్యాటరీ అగ్నిప్రమాదము. దానిని ముందు తీయించవలెను.

రెండవది, ర్యాము, డిస్కు, బ్యాటరీ అన్నియు ఒక్కమారే మార్చవలసివచ్చినప్పుడు. ఎద్దు వెలలో సగము వైద్యమునకే పోవునప్పుడు రైతు ఆలోచించునుగదా. యంత్రమునకును అదే న్యాయము.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి మైక్రోసాఫ్టువారి సాధారణపు ఉచిత సవరణలు ముగిసినవి. విండోసు 11కు వారు పెట్టిన నియమముల ప్రకారము ఇంటెల్ అయినచో సామాన్యముగా ఎనిమిదవ తరపు ప్రాసెసరు, అనగా 2017 ఉత్తరార్ధమున వచ్చినదియో తరువాతిదియో, టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పు, కనీసము 4 జి.బి. ర్యాము ఉండవలెను. ఎక్స్230 వంటి మూడవ తరపు యంత్రములో 16 జి.బి. పెట్టినను ఆ నియమము తీరదు. సవరణలు లేని వ్యవస్థలో సంఘపు బ్యాంకు లావాదేవీలు జరుపుట తాళము లేని గాదెలో విత్తనము పోసినట్లు. అట్టి యంత్రమును పారవేయనక్కరలేదు. ఉచితముగా దొరకు లినక్సు వ్యవస్థను దానిలో వేసికొనవచ్చును. లినక్సు మింట్ అను రకమునకు 2 జి.బి. కనీసమనియు, 4 జి.బి. ఉన్న సుఖమనియు దాని కర్తలు చెప్పుదురు. అయితే మీరు వాడు ముద్రణయంత్రము, వ్రేలిముద్ర పరికరము, లెక్కల ప్రోగ్రాము లినక్సులో నడచునో లేదో ముందు పెన్‌డ్రైవునుండి నడిపి చూచుకొనవలెను. ర్యాము కొనుటకు పూర్వమే ఈ ప్రశ్న తేల్చుకొనవలెను.

తీసివేసిన పాత పలకలను, డిస్కులను పెంటకుప్పలో వేయరాదు, కాల్చరాదు. 2022లో ప్రకటించి 2023 ఏప్రిల్ 1 నుండి అమలుచేసిన ఇ-వ్యర్థముల నియమావళి ప్రకారము వానిని గుర్తింపు పొందిన వారికే ఇయ్యవలెను. చెడని పలకయైనచో మరియొక సంఘమునకు పనికివచ్చును.

ఆ సంఘములో ఏమి జరిగినది?

మరునాడు కార్యదర్శి పాత పలక ఫోటోతో పట్టణమునకు పోయి, దానికి ఈడైన 4 జి.బి. డి.డి.ఆర్.3ఎల్ పలకను తెచ్చెను. మొత్తము 8 జి.బి. అయినది. ఒక సభ్యుని కుమారుడు, డిగ్రీ చదువుచున్నవాడు, లినక్సు వేసి ముద్రణయంత్రమును కలిపెను. బ్యాంకు పనులను ఆ యంత్రములో చేయరాదని గోడమీద వ్రాసి పెట్టించితిమి. నిల్వ పట్టీ, రశీదులు, నకళ్లు మాత్రము దానిలో నడచుచున్నవి. వాకిట నిలుచు వరుస తగ్గినది.

జీలుగ విత్తనములకై వచ్చిన యామెకు ఆ మొదటి దినముననే చేతివ్రాత రశీదుమీద విత్తనములు ఇప్పించితిమి. అట్లు ఇయ్యవచ్చునన్న సంగతి అంతవరకు ఎవరికిని తోచలేదు. యంత్రము ఆగినప్పుడు రైతు పని ఆగరాదు. ప్రతి కచేరిలోను చేతి రశీదు పుస్తకమొకటి సిద్ధముగా నుంచుడని నా మనవి. ఆమె చేను అదునునకే దున్ని చల్లెను. నాట్లకు ముందు రొట్టను కలియదున్నిన దినమున నేను చూచితిని.

క్రొత్త ల్యాప్‌టాపు తీర్మానమును పాలకవర్గమువారు వాయిదా వేసిరి. మిగిలిన ధనములో కొంతతో ధాన్యపు తేమ కొలుచు పరికరము కొనవలెనని ఆలోచించుచున్నారు. కొనుగోలు కేంద్రములో 17 శాతమునకు మించిన తేమ యున్నదని బస్తాలు త్రిప్పి పంపిన బాధ అనుభవించినవారికి దాని విలువ తెలియును.

సభ్యులారా, మీ సంఘపు ల్యాప్‌టాపు మందగించినదని వినబడినప్పుడు తీర్మానపు పుస్తకము తెరచుటకు ముందు యంత్రపు అడుగు మూత తెరువుడు. ఏ తరపు పలక, ఎంత పరిమాణము, ఎన్ని గాళ్లు, ఏ తేదీన మార్చినారు అను వివరములను ఒక కాగితముమీద వ్రాసి సామానుల రిజిస్టరులో అంటించుడు. రేపు కార్యదర్శి మారినను ఆ కాగితము క్రొత్తవానికి దారి చూపును.